పిల్లాడి కన్ను వాచింది.. సీటీ స్కాన్ తప్పదా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. వారం రోజులుగా జలుబు. నిన్న పొద్దున లేచేసరికి కుడి కన్ను ఎర్రగా వాచిపోయింది, 102 జ్వరం. షాపులో చుక్కల మందు తెచ్చి వేశాం, తగ్గలేదు. డాక్టర్ సీటీ స్కాన్ తీయించమన్నారు. రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది. రెండ్రోజులు ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దండి. బాబును ఇవాళే ఆ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. జలుబు, జ్వరం, ఒకవైపే కన్ను వాపు కలిసి వస్తే కంటిగూట్లో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని చూడాల్సిందే. దీన్ని ఆర్బిటల్ సెల్యులైటిస్ అంటాం. ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది సైనస్. దానికీ కంటిగూటికీ మధ్య ఎముక కాగితమంత పలుచన. సైనస్‌లోని ఇన్‌ఫెక్షన్ ఆ ఎముకను దాటి కంటి వెనక్కి పోతుంది.

కన్ను వాచిన ప్రతి బిడ్డకూ ఇదే ఉండదు. దోమ కుట్టినా, కురుపు లేచినా రెప్ప వాస్తుంది. రెప్ప లోపల తెరలాంటి పొర ఒకటి ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ దాని ముందే ఆగితే మందులతో తగ్గుతుంది. దాటితే చూపుకే ముప్పు, మెదడుకూ పాకొచ్చు. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే వాచిన రెప్పను మెల్లగా ఎత్తి, ఒక బొమ్మను అటూ ఇటూ ఆడిస్తూ తల కదపకుండా చూడమంటాం. కనుగుడ్డు సరిగా తిరగకపోయినా, తిప్పితే నొప్పని ఏడ్చినా, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా తెర దాటిందనే అనుమానిస్తాం. తర్వాత ఎర్ర మూత ఒకటి ఒక్కో కంటికీ చూపిస్తాం. వాచిన కంటికి ఆ ఎరుపు వెలిసినట్టుందంటే కంటి నరం మీద ఒత్తిడి పడుతోందేమోనని భయం.

రక్తపరీక్షలు చేస్తాం గానీ, అవి బాగున్నంత మాత్రాన జబ్బు లేదనలేం. చీము గడ్డ కట్టిందా, ఎక్కడుంది అన్నది స్కాన్‌లోనే తెలుస్తుంది. పిల్లలకు రేడియేషన్ డోసు తగ్గించే తీస్తారు. ఒక్క స్కాన్‌తో వచ్చే ముప్పు చాలా తక్కువ, ఆలస్యంతో వచ్చేదే పెద్దది. ఎమ్మారై చేయొచ్చు కానీ ఎక్కువసేపు పడుతుంది, పిల్లలు కదలకుండా ఉండాలి. జబ్బు ఇదే అని తేలితే అడ్మిట్ చేసి రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తారు. ఒకటి రెండు రోజుల్లో గుణం కనిపించకపోయినా, చూపు తగ్గుతున్నా చీము తీయాల్సి రావొచ్చు.

చుక్కల మందు ఇక వేయకండి. కంటి వెనక్కి అది చేరదు. పైగా కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఆ సీసా డాక్టర్‌కు చూపించండి. బాబు మత్తుగా పడుకుంటున్నా, వాంతులు, బాగా తలనొప్పి ఉన్నా, రెండో కన్నూ వాస్తున్నా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లండి. స్కాన్‌కు మత్తు ఇవ్వాల్సి రావొచ్చు కాబట్టి, బయల్దేరే ముందు ఏమైనా తినిపించొచ్చా అని ఫోన్ చేసి అడగండి.