నిమ్మరసం, ఎండ, నీ వ్యాసం

చిరంజీవి పాపకు,

నన్ను మేడం అనొద్దు, అత్తా అను చాలు. పార్స్లీ అనే, కొత్తిమీరలా కనబడే విదేశీ ఆకు మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న మధ్యాహ్నం చదివాను. మూడో పేజీ దాకా బాగానే నడిచింది. అక్కడ ఈ మాట కనబడింది: "పార్స్లీ రసంలో నిమ్మరసం కలిపి ముఖానికి పట్టించి, లేత ఎండలో 15 నిమిషాలు కూర్చుంటే చర్మం మిలమిలా మెరుస్తుంది." కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను.

నువ్వెప్పుడైనా అలా కూర్చున్నావా? చిత్తూరు ఎండలో?

మా చెల్లెలి పెళ్లి ముందు, మే నెలలో, మిద్దె మీద కూర్చుని 200 నిమ్మకాయలు పిండాను. చేతులు కడుక్కోకుండానే వడియాలు పెట్టాను. ఆ రోజు ఏమీ లేదు. రెండో రోజుకి వేళ్ల మీద, ముంజేతుల మీద బొబ్బలు. మిరపకాయల మంట అనుకుని వెన్న రాశాం. బొబ్బలు మానాక నల్లమచ్చలు మిగిలాయి. పెళ్లి ఫొటోలన్నిటిలో నా చేతులు కొంగు చాటునే ఉంటాయి. తర్వాత ఒక చర్మం డాక్టరు చెప్పాడు. నిమ్మలో, పార్స్లీలో, సెలరీలో సోరలెన్ జాతి పదార్థాలు ఉంటాయట. ఆ రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలుతుంది. సోరలెన్ అనే ఆ పేరు ఎక్కడిదనుకున్నావు? సోరాలియా నుంచి, అంటే మన బావంచాల మొక్క నుంచి. బొల్లికి బావంచాలు రాసి ఎండ చూపించే పాత వైద్యంలో కిటుకూ అదే. సున్నిపిండిలోనూ బావంచాలు వేసేవాళ్లు, కానీ రుద్ది కడిగేసేవాళ్లు. పూసుకుని ఎండలో కూర్చోమని ఏ ముసలమ్మా చెప్పలేదు.

చేతిలో నలిపి వాసన చూడని ఆకు గురించి ఒక్క వాక్యం కూడా రాయొద్దు. మొండిదానివంటే అనుకో, అరవై దాటాక మారను. పార్స్లీని "విదేశీ కొత్తిమీర" అన్నావు. రెండూ ఒకే కుటుంబం, నిజమే. జీలకర్ర, వాము, సోంపు, క్యారెట్ కూడా ఆ కుటుంబమే. అట్లని క్యారెట్‌ను విదేశీ వాము అంటామా? మా కోడలు బెంగళూరు నుంచి ఒక కట్ట తెస్తే పప్పులో వేసి చూశాను. కొత్తిమీర ఘుమఘుమ ఎక్కడా లేదు. కోసిన పచ్చగడ్డి వాసన, వెనకనే చిన్న ఘాటు. లెబనాన్ వాళ్లు తబ్బూలే అనే సలాడ్‌లో దాన్ని గుప్పెళ్లకొద్దీ తరిగి పుదీనా, టమాటా, నిమ్మరసంతో కలుపుతారు. అక్కడ ఆకే అసలు వంట. నువ్వేమో ప్రతి వంటకం చివరా "పార్స్లీతో అలంకరించండి" అన్నావు. 7 సార్లు, లెక్కపెట్టాను.

మరువం తెలుసు కదా? మన పూలంగళ్లలో మాలల మధ్య కడతారు. యూరప్‌లో అదే మరువాన్ని సూపుల్లో, మాంసంలో వేస్తారు. రోజూ జడలో పెట్టుకునేదాన్ని వదిలేసి చూడని ఆకు వెంట పడ్డావు.

నిన్ను మాత్రం అని ఏం లాభం? ఒక వారపత్రిక సంపాదకుడు నా మొదటి వ్యాసంలో ఊరిబిండిని కొట్టేసి "పల్లీ చట్నీ" అని వేశాడు. ఊరిబిండి అంటే ఎవరికి తెలుసు అన్నాడు. మా ఆయన అంగట్లో పాత బిల్లుల వెనకవైపు మూడుసార్లు తిరగరాసిన వ్యాసం అది. అచ్చయ్యాక మా అమ్మకు చూపించనే లేదు. ఇప్పుడు అలాంటివాళ్లే "హెర్బ్స్" మీద రాయండి అంటారు. ఆకులు అంటే చదవరట!

మీ అవ్వ కొత్తిమీర కాడలు పారేయనీయక చారులోకి నూరేదని ఒక్క వాక్యం రాశావు. అక్కడ ఆగి రెండుసార్లు చదివాను. నువ్వు మాత్రం ఆగకుండా విటమిన్ల లెక్కల్లోకి పరుగెత్తావు. పోనీ ఆ లెక్కలైనా పూర్తిగా చెప్పావా? 100 గ్రాముల పార్స్లీలో విటమిన్ కె 1,600 మైక్రోగ్రాములకు పైనే ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి సాయపడేది ఆ విటమినే. అందుకే గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉన్నట్టుండి గుప్పెళ్లు తినకూడదు. ఆ మాట రాయాలి కదా.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలనీ అడిగావు. తర్వాత చూద్దాం. ముందు అవ్వ చారు రాసి పంపు. కాడలు పచ్చివే నూరేదా, వేయించేదా? మిరియాలు ఎన్ని? చింతపండా, టమాటానా? అవ్వ ఉంటే కూర్చోబెట్టి అడుగు. లేకపోతే నువ్వే పెట్టి చూడు, కుదరకపోతే కుదరలేదనే రాయి.

మీ అత్త,
తిరుపతి