కాపీరైట్ రాసివ్వకు తల్లీ

అమ్మలూ, పెదనాన్న ఆశీస్సులు.

నీ కవితల పుస్తకం వస్తోందని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ సంతోషంలో మీ పెద్దమ్మకి అదే మాట నాలుగుసార్లు చెప్పాను. పబ్లిషర్ ఒకేసారి కొంత ముట్టజెప్పి సర్వహక్కులూ రాయించుకుంటాడట అన్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. తొందరపడి సంతకం పెట్టకు.

ప్రూఫులు నువ్వు దిద్దాక ఇంకొకరి చేత చదివించు. కాగితం శాంపిల్ చూడు. ఇవి నీకు తెలిసినవే.

నేను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పిన రాబర్ట్ బర్న్స్ సంగతి విను. స్కాట్లాండ్ కవి, రైతు. సేద్యం కలిసిరాక జమైకా పోదామనుకున్నాడు. ముందే చందాదారులను కూడగట్టి, కిల్‌మార్నాక్‌లో జాన్ విల్సన్ ప్రెస్సులో 612 కాపీలు వేయించాడు. వెల మూడు షిల్లింగులు. 1786 జులై 31న పుస్తకం వచ్చింది, చూస్తూండగానే చెల్లిపోయింది. రెండో ముద్రణకి కాగితం ఖర్చు ముందే కట్టమన్నాడు విల్సన్. అంత డబ్బెక్కడిది? జమైకా మానుకుని ఎడింబరో వెళ్లాడు. 1787 ఏప్రిల్‌లో అక్కడ కొత్త ఎడిషన్ వచ్చింది, మంచి పేరొచ్చింది. సరిగ్గా అప్పుడే కాపీరైట్‌ని విలియం క్రీచ్ అనే పబ్లిషర్‌కి 100 గినీలకు (అంటే 105 పౌన్లకు) రాసిచ్చేశాడు. ఆ డబ్బు కోసం కూడా నెలల తరబడి తిరగాల్సి వచ్చింది. 1793లో క్రీచ్ కొత్త కవితలు చేర్చి రెండు సంపుటాలు వేశాడు. అతని పేరుమోసిన కవిత ‘టామ్ ఓ షాంటర్’ అందులో ఉంది. రాసినవాడికి దక్కింది కొన్ని కాపీలు!

1796 జులై 12న బట్టల కొట్టు బాకీకి జైల్లో వేస్తారన్న భయంతో, పాటల సంకలనాలు వేసే జార్జ్ థామ్సన్‌కి ఉత్తరం రాసి ఐదు పౌన్లు అడిగాడు. అదే థామ్సన్‌కి అంతకుముందు పైసా అడగకుండా పాటలు రాసిచ్చినవాడు. తొమ్మిదో రోజున పోయాడు, ముప్ఫై ఏడేళ్లకే. ఆ ఉత్తరం దగ్గరికొచ్చేసరికి ఏటా నా గొంతు పట్టేసేది.

నువ్వూ అంతే, ఎవరేమడిగినా కాదనలేవు. చిన్నప్పుడు కొత్త పెన్సిళ్లన్నీ పంచేసి మొండి ముక్కతో ఇంటికొచ్చేదానివి. ఆ గుణం నాకిష్టమే, కానీ అగ్రిమెంట్ దగ్గర పనికిరాదు. ఈ ఒక్క ముద్రణకే, ఇన్ని కాపీలకే హక్కు అని స్పష్టంగా రాయించు. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయ్.

ఆదివారం వస్తున్నాను, ఆ కాగితాలు తీసి ఉంచు. అచ్చు ఖర్చుకి డబ్బు కావాలంటే మొహమాటపడకుండా నన్నడుగు, మీ నాన్నకి తెలియక్కర్లేదు.

పెదనాన్న