ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి

చిరంజీవి మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

నీ డిప్రెషన్ సంగతి ఇంట్లో చెప్పేస్తానన్నావు, సంతోషం. కానీ అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఒకేసారి చెప్పకు. ఒకరు ఏడుస్తారు, ఒకరు సలహాలు మొదలెడతారు, నీ మాట సగంలోనే ఉండిపోతుంది. ముందు ఒక్కరిని ఎంచుకో. వేరేవాళ్ళ ఇంటి గుట్టు నీ దగ్గరకి మోసుకొచ్చే మనిషి మాత్రం వద్దు. నన్నడిగితే వదినకే, అదే మీ అమ్మకే, ముందు చెప్పు.

భోజనాల దగ్గరా, పడుకోబోయే ముందూ వద్దు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తూ చెప్పు. పక్కపక్కన నడిచేటప్పుడు మొహాలు చూసుకోనక్కర్లేదు, మాట తేలిగ్గా వస్తుంది.

చెప్పాల్సింది నాలుగు ముక్కలే: జబ్బు పేరు, ఎప్పటినుంచి, ఏం వైద్యం, నీకేం కావాలి. "నాకు డిప్రెషన్ అని డాక్టరు గారు చెప్పారమ్మా. రెండు నెలలుగా మందులు వాడుతున్నా. నిద్ర కుదురుతోంది. ఆదివారాలు నాతో నడకకి రా, చాలు." అలా కాకుండా "ఏదో టెన్షన్‌గా ఉంటోంది" అన్నావంటే "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అనే జవాబే వస్తుంది. ఆ నాలుగో ముక్క అస్సలు మానకు. ఏం చెయ్యాలో తెలియని తల్లి గంటకోసారి "ఎలా ఉన్నావే" అని అడుగుతూనే ఉంటుంది.

దిష్టి తగిలిందంటే వాదించకు. తీయనియ్యి, మాత్ర మాత్రం ఆపకు. అసలు చిక్కు నువ్వు తేరుకున్నాక వస్తుంది. "బాగానే ఉన్నావుగా, ఇంకా ఎందుకవి" అంటారు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కైనా నయమయ్యాక మామూలుగా 6 నుంచి 9 నెలలు మందులు కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు; జబ్బు తిరగబెట్టొచ్చు కూడా. ఈ సంగతి వదినకి మొదటిరోజే చెప్పి ఉంచు.

నిన్నింతగా కుదిపేసిన ఆనాటి సంఘటన వివరాలు మాత్రం ఎవరికీ బాకీ లేవు, తల్లీ. "ఒక దెబ్బ తగిలింది, దాని గురించి డాక్టరు దగ్గరే మాట్లాడుతున్నా" అంటే చాలు. అడిగినవాళ్ళందరికీ మొదట్నించీ చెప్పుకుంటూ పోతే ఆ రాత్రి పీడకలలే. దేనికి ఉలిక్కిపడతావో అది చెప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన మన విశాఖవాళ్ళకి గాలి హోరంటే ఏమిటో వేరే వివరించక్కర్లేదు, ఆ పోలికే వాడు. నువ్వలా ఉలిక్కిపడ్డప్పుడు వాళ్ళేం చెయ్యాలో కూడా నేర్పు: గట్టిగా పట్టుకోకూడదు, పేరు పెట్టి పిలవాలి, పాదాలు నేలకి ఆనించి కంటికి కనబడే అయిదు వస్తువుల పేర్లు నీచేత చెప్పించాలి.

ఆఫీసులో తోటివాళ్ళకి చెప్పి తీరాలని లేదు. నీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఇచ్చింది. పెళ్ళి సంబంధం అయితే వేరు, తాంబూలాలకి ముందే చెప్పాలి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఈ లెక్కలేవీ వద్దు. ఎవరు దగ్గరుంటే వాళ్ళకి ఆ క్షణమే చెప్పు, మందుల డబ్బా వదిన చేతికిచ్చెయ్. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది.

అన్నయ్య, అదే మీ నాన్న, విని ఏమీ మాట్లాడకపోవచ్చు. కోపమనుకోకు, రెండు రోజులు వదిలెయ్. తర్వాతిసారి డాక్టరు దగ్గరకి వెంటబెట్టుకు వెళ్ళు. అడగాలనుకున్నవి అన్నయ్యనే నేరుగా డాక్టరుని అడగనియ్యి.