చిన్నీకి, గాల్వే వెళ్ళేముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు యానిమేషన్ ఉద్యోగం మానేశావని, ఐర్లాండ్ జానపద కథలతో బొమ్మల పుస్తకం వెయ్యడానికి జనవరిలో గాల్వే వెళ్తున్నావని, మూడు నెలలు ఉంటావని చెప్పింది. దానికి ఒకటే టెన్షన్. నాకూ భయంగానే ఉంది, కానీ రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు. నేను పందొమ్మిదేళ్ళు కాపురం చేసిన ఊరు అది. నన్ను ఒక్క మాట అడక్కుండా టికెట్ కొన్నందుకు మాత్రం కోపంగా ఉంది.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. గొడుగు తీసుకెళ్ళకు, అక్కడి గాలికి నిలవదు. మంచి రెయిన్‌కోట్ కొనుక్కో. మందులు, ఊరగాయ మీ అమ్మ చూసుకుంటుంది.

డబ్లిన్‌లో దిగగానే ట్రినిటీ కాలేజీకి వెళ్ళి బుక్ ఆఫ్ కెల్స్ అనే పాత చేతిరాత సువార్తల పుస్తకం చూడు. సుమారు 800వ సంవత్సరం నాటిది, దూడ తోలు మీద రాసి రంగులు వేశారు. ఆ మెలికలు చూస్తే నీకు మన మెలికల ముగ్గే గుర్తొస్తుంది. గీత ఒకచోట పైనుంచి, పక్కచోట కిందనుంచి పోతూ ఎక్కడా తెగదు. నకలు మీద వేలితో వెంబడించు, తర్వాత కాగితం మీద వంద సార్లు గియ్యి. దుకాణాల్లో ఒక్కో ముడికి 'ఇది ప్రేమ, ఇది అనంతం' అని చీటీ తగిలించి అమ్ముతారు. ఆ అర్థాలు ఈమధ్య పుట్టినవి, పాత చిత్రకారులు రాసిపెట్టినవి కావు. క్రీస్తు పేరు మొదటి అక్షరాలతో నిండిన పెద్ద పేజీ ఒకటుంది. దాని అడుగున ఎలుకలు ప్రసాదం రొట్టె కొరుకుతుంటే పిల్లులు పక్కన కూర్చుని చూస్తుంటాయి. అసలు పుస్తకంలో ఆ రోజు వేరే పేజీ తెరిచి ఉంటే, నకలులోనైనా వెతికి చూడు.

న్యూగ్రేంజ్ అనే పాత సమాధి రాతి మీది మూడు సుడులు కూడా వేస్తానన్నావట. వెయ్యి, కానీ 'కెల్టిక్' అనకు. ఆ సమాధి సుమారు క్రీ.పూ. 3200 నాటిది, ఐరిష్ లాంటి కెల్టిక్ భాషలు ఆ దీవికి చేరడానికి చాలా ముందుది. అసలు ఆ మాటే జాగ్రత్తగా వాడు. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ కథలన్నీ ఒకే మూటలో కడితే, మన బొబ్బిలి కథనీ తమిళుల కథనీ కలిపి 'ద్రావిడ కథ' అన్నట్టు ఉంటుంది. ఏ ఊరి కథ అయితే ఆ ఊరి పేరు చెప్పు.

నీ స్కెచ్‌లు మీ అమ్మ పంపింది. దేవకన్యలకి సీతాకోకచిలుక రెక్కలు పెట్టావు. తీసెయ్. అక్కడి పల్లెల్లో చెప్పే ఆ జాతికి రెక్కలుండవు. చూడ్డానికి మనుషుల్లాగే ఉంటారు, పొలంలో ఒంటరిగా నిలబడ్డ ముళ్ళచెట్టు దగ్గర తిరుగుతారు. జనం వాళ్ళ పేరెత్తకుండా 'మంచివాళ్ళు' అంటారు. మా నాయనమ్మ రాత్రిపూట పాముని 'పురుగు' అనేది చూడు, ఆ భయమే అది. 1999లో క్లేర్ జిల్లా లాటూన్ దగ్గర హైవే కోసం అలాంటి చెట్టుని కొట్టెయ్యబోతే ఎడ్డీ లెనిహాన్ అనే కథకుడు అడ్డుపడ్డాడు. చెట్టుని వదిలేసి రోడ్డు వేశారు. ఆ భయం నీ బొమ్మలోకి రావాలి.

కథల కోసం స్కూల్ పిల్లల సేకరణ చదువు. 1937 నుంచి 1939 దాకా దాదాపు యాభై వేల మంది బడిపిల్లలు ఇంట్లో తాతల్నీ ఇరుగుపొరుగునీ అడిగి రాసుకొచ్చిన కథలవి. ఇప్పుడు దూఖస్ అనే ఐర్లాండ్ జానపద సేకరణల వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. పుస్తకంగా అమ్ముతావు కాబట్టి అనుమతి అడుగు. రాసిన పిల్ల పేరు, చెప్పిన తాత పేరు చాలాచోట్ల పేజీ మీదే ఉంటాయి. వాటిని నీ పుస్తకంలో ఎక్కించు.

ఇది ఇంతగా ఎందుకు పట్టుకున్నానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

1990ల్లో నేను గాల్వేలో సెయింట్ నికొలస్ చర్చి పక్క శనివారం సంతలో బల్ల వేసుకుని శాలువాలు అమ్మేదాన్ని. గాల్వే దగ్గరి సముద్రంలో ఉన్న ఆరన్ దీవుల స్వెటర్ల మీది తాడు, వజ్రం అల్లికలు చూసి ముచ్చటపడి, వాటిని పెడనలో మావయ్యతో టేకు అచ్చులుగా చెక్కించి అద్దించాను. మంచి పని, ఇప్పటికీ అంటాను. కానీ ఒక్కో శాలువాకి ఒక చీటీ కట్టాను. 'ఆరన్‌లో ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక. సముద్రంలో పోయినవాణ్ణి ఒడ్డున ఆ అల్లిక చూసి గుర్తుపట్టేవారు' అని. ఏదో దుకాణంలో చదివాను. చీటీ కట్టాక శాలువాలు బాగా పోయాయి కూడా.

ఒక శనివారం ఆరన్ దీవుల్లో ఒకటైన ఇనిష్ మాన్ నుంచి వచ్చిన ముసలావిడ చీటీ చదివింది. రెండోసారి చదివింది. "మా తమ్ముణ్ణి దేన్నిబట్టీ గుర్తుపట్టలేదమ్మా. వాడు దొరకలేదు" అంది. శాలువాని మడత చెదరకుండా మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నాకు నోట మాట రాలేదు. 1977 ఉప్పెనలో మా బాబాయీ దొరకలేదు. దివిసీమలో పుట్టినదాన్ని, నాన్న తిండీ నిద్రా లేకుండా పది రోజులు వెతకడం చూసినదాన్ని, వేరేవాళ్ళ సముద్రాన్ని చీటీ మీద అచ్చువేసి అమ్ముకున్నాను. మన పెడన అచ్చుల్ని మిషను మీద గుద్ది 'కలంకారీ' అని అమ్మేవాళ్ళని చూసి మావయ్య ఎంత కుమిలేవాడో తెలిసి కూడా.

తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివాను. కుటుంబానికో అల్లిక అన్నది నిజం కాదు. ఆ బరువైన స్వెటర్లే దాదాపు 20వ శతాబ్దం మొదట్లో వచ్చాయి. ఐర్లాండ్ రచయిత సింజ్ నాటకం 'రైడర్స్ టు ద సీ'లో, 1904లో ఆడింది, ఒక చెల్లెలు చనిపోయిన అన్న మేజోడుని చూసి, తను వదిలేసిన నాలుగు కుట్లు లెక్కపెట్టి గుర్తుపడుతుంది. వంశం గుర్తు కాదు చిన్నీ, ఆ పిల్ల తన చేతిపనిని తను గుర్తుపట్టింది. అసలు కథ అంత గొప్పగా ఉంటే నేను అబద్ధాన్ని అంటించుకున్నాను.

చీటీలన్నీ పీకేసి, 'ఆరన్ అల్లికలు చూసి పెడనలో అద్దినవి' అని మాత్రం రాశాను. ఆవిడ మళ్ళీ వస్తుందని చాలా శనివారాలు చూశాను. రాలేదు.

అందుకే చెబుతున్నాను, ఏదైనా గీసేముందు ఆ ఊళ్ళో ఒక్కరికైనా చూపించు. ఫిబ్రవరి 1న వచ్చే సెయింట్ బ్రిజిడ్ పండక్కి ముందు తుంగలాంటి గడ్డితో శిలువలు అల్లి, ఇంటికి నిప్పు అంటకూడదని గుమ్మానికి కడతారు. ఫొటో చూసి నేర్చుకోకు. ఎవరైనా పెద్దావిడ పక్కన కూర్చుని అల్లు, నీకు మాట తోచకపోయినా ఆవిడే మాట్లాడుతుంది.

లిర్ పిల్లల కథ నువ్వు ఎంచుకున్నావని విని ఏడ్చాను. సవతితల్లి నలుగురు పిల్లల్ని హంసలుగా మార్చేస్తుంది, తొమ్మిది వందల ఏళ్ళు. మాయిల్ సముద్రం తుఫానులో అక్క ఫిన్నూలా ఒక తమ్ముణ్ణి కుడి రెక్క కింద, ఒకణ్ణి ఎడమ రెక్క కింద, మూడోవాణ్ణి గుండెల ఈకల్లో దాచుకుంటుంది. ఆ బొమ్మ వేసేముందు మీ అమ్మని కూర్చోబెట్టి ఉప్పెన వచ్చిన నవంబరు 19 రాత్రి గురించి అడుగు. దానికి అప్పుడు ఏడేళ్ళు. నా ఓణీతో నడుముకి కట్టుకుని బడి డాబా మీద తెల్లారేదాకా కూర్చున్నాను. ఇంతవరకు దాని గురించి నాతో మాట్లాడలేదు, నీకు చెబుతుందేమో.

చలికాలంలో దీవుల పడవ రద్దయితే సంతోషంగా గదికి తిరిగి వెళ్ళిపో, మొండికెయ్యకు. ఎక్కిన రోజు మాత్రం ఎక్కేముందు నాకు ఫోన్ చెయ్యి. దిగాక మళ్ళీ చెయ్యి. అక్కడ ఎంత పొద్దయినా సరే, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ