లవంగం కళ్లు, నల్లబడ్డ పీతలు, గట్టిపడని జెల్లీ: పళ్ల బొమ్మలపై మీ ప్రశ్నలు

పోయిన సంచికలో పిల్లల పార్టీలకు పళ్లతో చిన్న చిన్న జంతువులు చేయడం గురించి రాశాను. చాలామంది చేసి చూశారు, సంతోషం. కానీ వచ్చిన ఉత్తరాలు చూస్తే సగానికి సగం ‘కూలిపోయింది, నల్లబడింది, కారిపోయింది’ అనే గోలే. తప్పు నాది కూడా ఉంది. బొమ్మ ఎలా ఉండాలో చెప్పాను గానీ, పిల్లలు వచ్చేదాకా అది ఎలా నిలబడాలో, వచ్చాక ఏ వయసు పిల్ల చేతిలో పడుతుందో చెప్పలేదు. అసలు మొదట చూసుకోవాల్సినవి ఆ రెండే.

ప్రశ్న: అక్కా, మా బాబు మూడో పుట్టినరోజుకు ద్రాక్షపళ్లను పుల్లలకు గుచ్చి గొంగళిపురుగులు చేద్దామనుకున్నాను. మా అత్తగారేమో చిన్నపిల్లలకు ద్రాక్ష అలా గుండ్రంగా ఇవ్వకూడదని పట్టుబడుతున్నారు. ఇంత చిన్న పండుకి అంత భయం అవసరమా?

మీ అత్తగారి మాట వినండి. ద్రాక్షపండు నున్నగా ఉంటుంది, జారుతుంది, నొక్కితే అణుగుతుంది. పసిపిల్లల శ్వాసనాళంలో పడిందంటే సీసాకి బిరడా బిగించినట్టు దారి మూసేస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలకి ద్రాక్షను నిలువుగా కోసి, ఆ చెక్కల్ని మళ్లీ నిలువుగా కోసి, అంటే నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. అడ్డంగా కోస్తే లాభం లేదు, గుండ్రం గుండ్రంగానే ఉంటుంది. చెర్రీలకీ (గింజ తీసేశాక), చెర్రీ టమాటాలకీ ఇదే లెక్క. యాపిల్ గట్టిగా ఉంటుంది కాబట్టి బుడతలకు పల్చటి రేకుల్లా కోయండి, లేదా తురమండి.

పుల్లలు కూడా వద్దు. మూడేళ్లవాడు పుల్ల నోట్లో పెట్టుకుని పరుగెడుతుంటే మీరు కేక్ కోయించగలరా, వాడి వెనక పరుగెత్తగలరా?

గొంగళిపురుగుని మానక్కర్లేదు, పడుకోబెట్టండి చాలు. పచ్చ ద్రాక్ష ముక్కల్ని పళ్లెంలో వంపు తిరిగేలా ఒకదాని పక్కన ఒకటి పేర్చి, చివర తల కోసం అరటిపండు చక్రం ఒకటి పెట్టి, దాని మీద గట్టి పెరుగుతో రెండు చుక్కలు, ఆ చుక్కల మధ్య నల్ల ఎండుద్రాక్షలోంచి గిల్లిన చిన్న నలుసులు. పురుగు తయారు. గట్టి పెరుగంటే పల్చటి బట్టలో మూటకట్టి ఓ మూడు నాలుగు గంటలు వేలాడదీసిన పెరుగు. ఈ బొమ్మలన్నిటికీ జిగురు అదే.

కళ్ల సంగతి వచ్చింది కాబట్టి నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొదటిసారి చేసినప్పుడు కళ్లకి లవంగాలు గుచ్చాను. చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒక పాప వచ్చి అచ్చంగా కన్నే పీకి నోట్లో వేసుకుని పటుక్కున కొరికింది. ఆ తర్వాత అరగంట నేను నీళ్లు పట్టుకుని ఆ పిల్ల చుట్టూ, ఆ పిల్ల తల్లి నా చుట్టూ. లవంగాలు, మిరియాలు, పూసలు, ప్లాస్టిక్ కళ్లు ఏవీ వద్దు. బొమ్మ మీద ఉన్నది ప్రతిదీ నోట్లోకి వెళ్లిపోతుందనుకునే చేయాలి.

ప్రశ్న: మేడం గారూ, వంట రాని నాన్నని. మా అమ్మాయి కోసం యాపిల్‌తో పన్నెండు పీతలు చేశాను. గంటలో అన్నీ తుప్పు పట్టిన ఇనుములా తయారయ్యాయి. నిమ్మరసం పూస్తే పుల్లగా ఉందని పిల్లలు ఉమ్మేశారు. ఏం చేయాలి?

పన్నెండు పీతలు చేసిన మనిషి వంట రాదంటే ఒప్పుకోను. యాపిల్‌ని కోసినప్పుడు లోపలి కణాలు తెగి, అందులో ఉండే ఒక ఎంజైమ్‌కి గాలి తగులుతుంది. ఆ ఎంజైమ్ పండులోని ఫీనాల్ పదార్థాలతో కలిసి గోధుమరంగు తెస్తుంది. నిమ్మరసం పులుపుతో దాన్ని ఆపుతుంది, నిజమే, కానీ మీరు రసాన్ని అలాగే పూసినట్టున్నారు. కప్పు నీళ్లలో ఒక చెంచా కలిపి ముంచితే పులుపు అంతగా తెలియదు.

నేనైతే ఉప్పునీళ్లకే ఓటేస్తాను. లీటరు చల్లటి నీళ్లకి రెండు టీస్పూన్ల ఉప్పు, ముక్కలు అందులో పది నిమిషాలు మునిగి ఉండాలి, తర్వాత మామూలు నీళ్లతో ఒకసారి కడిగి బట్ట మీద ఆరబెట్టాలి. ఉప్పదనం మిగలదు, రంగు కొన్ని గంటలు నిలుస్తుంది. తేనె కలిపిన నీళ్లు కూడా పనిచేస్తాయి గానీ, పార్టీలో ఏడాది నిండని పసివాళ్లుంటే తేనె అంటిన ముక్క వాళ్లకు పెట్టకండి. ఆ వయసులో తేనె వల్ల బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

ఇంత తంటా లేకుండా కావాలంటే అరటి డాల్ఫిన్ చేయండి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం. పండుని తొక్కతోనే అడ్డంగా సగానికి కోసి, కాడ ఉన్న సగం తీసుకోవాలి. కాడను మధ్యకి చీలిస్తే అదే నోరు. రెండు పక్కలా తొక్కను చిన్న నాలుకలా గీసి పైకి లేపితే రెక్కలు. ఇక కళ్లు. టూత్‌పిక్ మొనతో తొక్క మీద రెండు చోట్ల పొడవండి, అంతే. కాసేపటికి ఆ రెండు చుక్కలు వాటంతట అవే నల్లబడి కళ్లయిపోతాయి. యాపిల్ దగ్గర మిమ్మల్ని ఏడిపించిన పనే ఇక్కడ మీకు ఊరికే కళ్లు పెట్టిపోతుంది. అలాగే తొక్క మీద పిల్లల పేర్లు కూడా పొడిచి రాయొచ్చు, కాసేపట్లో అక్షరాలు తేలతాయి, పిల్లలు మంత్రం అనుకుంటారు. డాల్ఫిన్‌ని పళ్లముక్కలు నింపిన గ్లాసులో నిలబెట్టి, నోట్లో ఒక కమలా తొన ముక్క ఇరికించండి. కోసిన అడుగుభాగానికి కాస్త నిమ్మనీళ్లు రాస్తే చాలు, మిగతాదంతా తొక్కే కాపాడుతుంది.

ప్రశ్న: అమ్మాయీ, నాకు డెబ్భై దాటాయి, అయినా మనవరాలికి చేపల చెరువు జెల్లీ చేసిపెట్టాలని సరదా. కివీ, పైనాపిల్ ముక్కలు వేసి జెలటిన్‌తో చేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా పొద్దున చూస్తే చారులా ఉంది. పొడి పాతదయ్యుంటుందా?

పొడి తప్పేం లేదు పెద్దమ్మా, దాన్ని పళ్లే తినేశాయి. జెలటిన్ అంటే ప్రోటీన్. పచ్చి పైనాపిల్, కివీ, బొప్పాయి, ఈ మూడింట్లోనూ ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములున్నాయి. పైనాపిల్ ఎక్కువ తింటే నాలుక చురచురలాడేది కూడా కొంత ఆ పుణ్యమే. మీరు రాత్రంతా కాదు, వారం పెట్టినా అది గట్టిపడదు. పైనాపిల్ తప్పదనుకుంటే ముక్కల్ని కొన్ని నిమిషాలు నీళ్లలో బాగా ఉడికించి చల్లార్చి వేయండి, వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. డబ్బాలో వచ్చే పైనాపిల్‌కి ఆ పని ముందే అయిపోయి ఉంటుంది.

కానీ మీకు అగర్ అగర్ నప్పుతుందని నా ఉద్దేశం. చైనా గ్రాస్ అంటాం చూడండి, అదే. సముద్రపు నాచు నుంచి తీస్తారు, ప్రోటీన్ కాదు కాబట్టి ఈ పళ్లు దాన్ని ఏమీ చేయలేవు, శాకాహారులకూ ఇబ్బంది ఉండదు. పొడి అయితే కప్పు ద్రవానికి దాదాపు ఒక టీస్పూన్. ముందు అగర్‌ని కొంచెం నీళ్లలోనే రెండు నిమిషాలు మరిగించండి, పళ్లరసం ఆ తర్వాత కలపండి, పుల్లటి రసంతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గుతుంది. ఇంకో సంగతి, రసం ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోయకండి. అగర్ గోరువెచ్చగా ఉండగానే గడ్డకట్టడం మొదలెడుతుంది, చల్లటి రసం తగిలితే గిన్నెలోనే ఉండలు కట్టేస్తుంది. చేపల కోసం కమలా తొనలు సరిపోతాయి. సగం జెల్లీ పోసి, కాస్త బిగిశాక తొనలు పెట్టి, మిగతా సగం వెచ్చగా ఉండగానే పోస్తే చేపలు మధ్యలో ఈదుతున్నట్టుంటాయి. మరీ చిన్నవాళ్లకి మాత్రం జెల్లీని సన్నగా తరిగి చెంచాతో పెట్టండి.

పనిలో పనిగా, పచ్చి కివీని పాలలోనో పెరుగులోనో కలిపి ముందే పెట్టకండి. ఇదే కారణంతో చేదెక్కుతుంది.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ చదువుతున్నా. తమ్ముడి పార్టీకి స్ట్రాబెర్రీలని చాక్లెట్‌లో ముంచి ఎలుకలు చేద్దామంటే చాక్లెట్ మొత్తం ఇసుకలా గడ్డలు కట్టింది. అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.

నీళ్లు పడ్డాయి తల్లీ. కరిగిన చాక్లెట్‌లో నాలుగు చుక్కల తడి చేరినా అలాగే బిగుసుకుపోతుంది. స్ట్రాబెర్రీలు కడిగాక ఒక్కొక్కటీ బట్టతో ఒత్తి తుడవాలి, గిన్నె, గరిటె కూడా పొడిగా ఉండాలి. చాక్లెట్ గిన్నెను వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగిస్తే ఆవిరి లోపలికి రాకుండా చూసుకో, మైక్రోవేవ్ అయితే ఇరవై ముప్పై సెకన్లకోసారి తీసి కలుపు. గడ్డకట్టిన చాక్లెట్‌ని పారేయకు. అందులో వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే సాస్ అయిపోతుంది, పళ్లముక్కలు ముంచుకు తినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అమ్మకి ముందు అది రుచి చూపించు.

ఎలుక చెవులకి బాదం పలుకులు పెడుతుంటారు చాలామంది. వచ్చే పిల్లల్లో ఎవరికైనా నట్స్ పడవేమో వాళ్ల అమ్మానాన్నల్ని ముందే అడిగి తెలుసుకో. పీనట్ బటర్‌ని జిగురుగా వాడాలన్నా అదే మాట. అడగడం మొహమాటమనిపిస్తే చెవులకి కూడా స్ట్రాబెర్రీ పలకలే పెట్టు, పోయేదేముంది.

ప్రశ్న: ఇరవై మంది పిల్లలొస్తున్నారు, సాయంత్రం ఐదింటికి పార్టీ. ఎప్పుడు మొదలెట్టాలి? ముందు రోజు రాత్రే కోసి పెట్టేసుకోవచ్చా?

కడగడం, తుడవడం, పెరుగు మూటకట్టడం, జెల్లీ ముందు రోజు. పుచ్చకాయ, కర్బూజా పొద్దున కోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. యాపిల్ మధ్యాహ్నం. అరటిపండు మాత్రం పిల్లలు చెప్పులు విప్పుతున్నప్పుడే కోయండి. కర్బూజా తొక్క ఎలాగూ తినం కదా అని కడగకుండా కోస్తారు చాలామంది, తొక్క మీది మట్టినీ క్రిములనీ చాకే లోపలికి తీసుకెళ్తుంది. కోసిన పళ్లు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే. అందుకే అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టకుండా రెండు విడతలుగా తెండి.

పుచ్చకాయని వేలు మందాన చక్రాలుగా కోసి కుకీ కట్టర్‌తో నక్షత్రాలు తీస్తే, వాటిని బట్ట మీద ఓ పది నిమిషాలు ఉంచండి. లేకపోతే పళ్లెం చెరువవుతుంది. పైన చక్కెర, ఉప్పు అస్సలు చల్లకండి, నీళ్లు ఇంకా లాగుతాయి. మిగిలిన అంచు ముక్కల్ని మిక్సీలో తిప్పి అచ్చుల్లో పోసి పుల్ల ఐస్ చేసేయండి.

ప్రశ్న: నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు. ఫొటోల్లో చూసినవి చేయబోతే దెయ్యాల్లా వస్తున్నాయి.

రెండు కళ్లు పెట్టండి, ఆపేయండి. నిజంగా అంతే. సగం కివీ మీద రెండు కళ్లు పెడితే పిల్లలు దాన్ని తాబేలంటారో కప్పంటారో వాళ్లే తేల్చుకుంటారు.

ప్రశ్న: మీరు చెప్పినట్టే కివీ తాబేళ్లు చేశాను, అద్భుతంగా వచ్చాయి. కానీ మా పాప ‘అది నన్నే చూస్తోంది, నేను తినను’ అని ఒకటే ఏడుపు. దాన్ని చూసి మిగతా పిల్లలు కూడా ముట్టలేదు.

ఉత్తరం చదివి నవ్వాపుకోలేకపోయాను, క్షమించండి. మరీ బాగా చేస్తే వచ్చే తిప్పలివి. ఈసారి తాబేళ్లు మీరు చేయకండి, విడిభాగాలుగా పెట్టండి. ఒక గిన్నెలో తొక్కతీసిన సగం కివీలు, ఒకదాంట్లో నిలువుగా చీల్చిన ద్రాక్ష ముక్కలు కాళ్లకి, ఒకదాంట్లో ఎండుద్రాక్ష నలుసులు, మధ్యలో మూటకట్టిన పెరుగు, తలా ఒక పళ్లెం. మీ దగ్గర ఒక నమూనా ఉంటే చాలు. వాళ్లు ఏడు కాళ్ల తాబేలు చేస్తారు, ఒంటికన్ను తాబేలు చేస్తారు, చేస్తూ చేస్తూనే సగం కాళ్లు నోట్లో వేసేసుకుంటారు. మీ పాప మళ్లీ మొరాయిస్తే ఆ తాబేలుకి కళ్లు మూసుకున్నట్టు రెండు గీతలు పెట్టి, నిద్రపోతోందని చెప్పండి. మా ఇంట్లో అది పనిచేసింది. తర్వాత ‘నిద్రలో దానికి నొప్పి పుడుతుందా’ అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు, అరటి చక్రం చేతిలో పెట్టి మాట మార్చేశాను.