టార్జాన్‌లో ఎవరూ ఎందుకు పాడరు? ఒక ప్యాడ్స్ ప్లేయర్ జవాబు

మీ ప్రశ్న ఇది: "డిస్నీ వాళ్ళ టార్జాన్ చూస్తూ మా పాప 'ఇందులో ఎవరూ పాడట్లేదేంటి నాన్నా?' అని అడిగింది. మిగతా డిస్నీ సినిమాల్లో పాత్రలే పాడతాయి కదా. ఇందులో పాటలన్నీ ఇంగ్లీషు గాయకుడు ఫిల్ కాలిన్స్ గొంతులో వెనక నుంచే ఎందుకు వస్తాయి? అది లోటు కాదా?"

లోటు కాదండి. నా దృష్టిలో ఆ సినిమాకున్న బలమే అది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

రాజమండ్రిలో ఎనిమిదేళ్ళు ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు, వాయించాను. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, దసరా ప్రోగ్రాములు. 2005లో అనుకుంటా, మా కీబోర్డు మాస్టారు టార్జాన్ సీడీ చేతిలో పెట్టి "బొమ్మ తర్వాత చూద్దువుగాని, ముందు కళ్ళు మూసుకుని మొదటి ఐదు నిమిషాలు వినరా" అన్నారు. విన్నాను. ఆ తర్వాత కళ్ళు తెరిచి మళ్ళీ మొదటి నుంచి చూశాను.

ఆ మొదటి నిమిషాలు గుర్తు చేసుకోండి. సముద్రం మీద ఓడ తగలబడుతోంది. ఒక జంట పసిబిడ్డతో పడవలోకి దిగి తప్పించుకుంటుంది. ఇటు అడవిలో ఒక గొరిల్లా కుటుంబం, వాళ్ళకీ ఒక పసికందు. ఒక్క మాట లేదు. డ్రమ్ములు, కాలిన్స్ గొంతు, అంతే. పాట ఈ కుటుంబం నుంచి ఆ కుటుంబానికి, ఆ కుటుంబం నుంచి ఈ కుటుంబానికి వెళ్ళొస్తూ ఉంటుంది. చిరుతపులి వచ్చేసరికి పాట ఆగిపోతుంది. గొరిల్లా తల్లి కాలా బిడ్డను పోగొట్టుకున్నాక గొంతు మళ్ళీ వస్తుంది, కానీ ఇందాకటి హుషారు ఉండదు, బరువుగా వస్తుంది. ఈ పాట ఎవరు పాడాలి చెప్పండి? చనిపోబోయే తండ్రా? బిడ్డ పోయిన తల్లా? ఎవరు పాడినా పాట వాళ్ళ ఒక్కరిదే అయిపోతుంది. బయటి గొంతు కాబట్టే రెండు కుటుంబాల దుఃఖాన్నీ ఒకే చేత్తో పట్టుకోగలిగింది.

ఇది దర్శకులు కావాలని తీసుకున్న నిర్ణయమే. కెవిన్ లీమా, క్రిస్ బక్ కలిసి తీసిన ఈ సినిమా 1999లో వచ్చింది. గోచీ కట్టుకుని చెట్టుకొమ్మ మీద కూర్చున్న మనిషి ఉన్నట్టుండి పాట అందుకోవడం లీమాకి ఊహకు కూడా అందలేదు. నాకింకో కారణం కూడా తోస్తుంది. టార్జాన్ గొరిల్లాల మధ్య పెరిగాడు, జేన్ అనే అమ్మాయి వచ్చేదాకా అతనికి మనుషుల మాట తెలియదు. సగం సినిమా వరకు మనుషుల మాటే వినపడని ప్రపంచం అతనిది. అతని నోట పాట పెడితే ఆ ఒంటరితనం చెదిరిపోతుంది.

అయినా తెలుగువాళ్ళం మనకి ఇది కొత్తా? హీరో ఒంటరిగా రోడ్డు మీద నడుస్తుంటే, పెదవి కదపకుండానే అతని బాధంతా వెనక నుంచి పాటగా వినిపించడం మన సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు? మా ఊళ్ళో వాటిని 'బ్యాక్‌గ్రౌండ్ సాంగ్' అనేవాళ్ళం, ప్రోగ్రాముల్లో వాటికి ప్రత్యేకంగా చీటీలు వచ్చేవి. మీ పాపకి అలా చెప్పి చూడండి, ఇట్టే పట్టేస్తుంది.

హాలీవుడ్ బొమ్మల సినిమాల్లోనూ ఇది మొదటిసారి కాదు. 1995లో టాయ్ స్టోరీకి ర్యాండీ న్యూమన్ పాటలు రాసి, తన గొంతుతోనే వెనక నుంచి పాడాడు. అంతకు ముందు ఏడాది లయన్ కింగ్‌కి ఎల్టన్ జాన్ బాణీలు కట్టాడు, టిమ్ రైస్ మాటలు రాశాడు, కానీ కథలో పాడింది ఎక్కువగా పాత్రలే. కాలిన్స్ చేసినదానికీ వీటికీ తేడా ఎక్కడుందంటే, అతను పుట్టుకతో డ్రమ్మరు. 1970లో జెనెసిస్ అనే రాక్ బృందంలో చేరింది డ్రమ్స్ వాయించడానికే. 1975లో, అప్పటిదాకా ముందు నిలబడి పాడిన పీటర్ గాబ్రియెల్ బృందాన్ని వదిలాకే ముందుకొచ్చి పాడే బాధ్యత అతని మీద పడింది. తాళం తెలిసినవాడు కథకి పాట కడితే కథ ఎక్కడ పరిగెత్తాలో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో వేళ్ళకే తెలుస్తుంది. టార్జాన్ పిల్లాడి నుంచి యువకుడయ్యే పాట చూడండి. చిన్నప్పుడు చేతకాని పనులు ఒక్కొక్కటే చేతనవుతుంటాయి, ఏళ్ళకేళ్ళు ఆ దరువు మీదే గడిచిపోతాయి. నేపథ్య సంగీతం చేసిన మార్క్ మన్సీనా కూడా ఆ దరువుని వదలకుండా అల్లుకుంటూ వెళ్ళాడు.

అన్నట్టు, ఎవరూ పాడరన్న మాట పూర్తిగా నిజం కాదు. మనుషుల గుడారంలో గొరిల్లా పిల్లలు చేసే అల్లరి పాట ఉంది కదా, అందులో టార్జాన్ నేస్తం టెర్క్ అనే గొరిల్లాకి గొంతిచ్చిన రోజీ ఓడానెల్ గొంతు వినిపిస్తుంది. టైపు మిషను, గిన్నెలు, ఏది దొరికితే అది వాయించేస్తారు. అదే పాటని ఆల్బంలో ఎన్‌సింక్ అనే పాప్ బృందం కుర్రాళ్ళతో కలిసి కాలిన్స్ మళ్ళీ పాడాడు. అది శుభ్రంగా ఉంటుంది, కానీ నాకు ఎక్కలేదు. గిన్నెల చప్పుడులో ఉన్న పసితనం అందులో లేదు. మీ పాపకి సినిమాలోదే వినిపించండి.

ఇక రెండోది, అసలు పాట, 'యూ విల్ బీ ఇన్ మై హార్ట్'. రాత్రిపూట కాలా ఆ మనిషిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని జోల మొదలుపెడుతుంది. ఆ నాలుగు ముక్కలూ కాలాకి గొంతిచ్చిన గ్లెన్ క్లోజే పాడింది, ఆ తర్వాతే కాలిన్స్ అందుకుంటాడు. ఇది అతను తన కూతురు లిలీ కోసం కట్టుకున్న జోలపాటగా మొదలైంది. 2000లో దానికి ఆస్కార్ వచ్చింది.

మా అబ్బాయి 2014లో పుట్టాడు. మూడో నెల నుంచి సాయంత్రం ఆరు కొట్టగానే ఏడుపు. కడుపునొప్పి, కొన్నాళ్ళకి దానంతటదే తగ్గుతుందని డాక్టరు చెప్పారు. తగ్గేదాకా వాణ్ణి ఎత్తుకుని తిరగడమే మా పని. మా ఆవిడ జో అచ్యుతానంద పాడేది, పడుకునేవాడు. నాకు గొంతు లేదు. నా వంతు వచ్చినప్పుడు వాణ్ణి భుజాన వేసుకుని, ఫోనులో సన్నగా ఈ పాట పెట్టి, వీపు మీద రెండు వేళ్ళతో దాని తాళం వేసేవాణ్ణి. ఒక రాత్రి మా అమ్మ చూసి, "జోకొట్టడం కూడా వాయిద్యమేరా నాయనా, లయ తప్పావంటే లేచి కూర్చుంటాడు" అంది. ఎన్నో ఏళ్ళు ప్యాడ్స్ వాయించినవాడికి అప్పటిదాకా తట్టని సంగతి అది. మన దగ్గర జోల ఒక్కటే పాడరు, జో కొడతారు కూడా. పాటంటూ వస్తే ఆ కొట్టడం మీదికే వస్తుంది. డ్రమ్మరు రాసిన జోలపాట అంత సహజంగా ఎందుకుందో నాకు ఆ రాత్రి అర్థమైంది.

పాత్ర కాక వేరెవరో పాడుతున్నారన్న ఆలోచన ఆ తర్వాత నాకెప్పుడూ రాలేదు. కాలా మొదలుపెట్టి ఆపేసిన చోట ఒక తండ్రి అందుకున్నాడని మాత్రమే అనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. కాలిన్స్ ఈ పాటలని ఇంగ్లీషులోనే కాక ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్‌లలో కూడా తనే పాడాడు. మా ఆర్కెస్ట్రాలో గాయకులు హిందీ పాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని, ఒత్తులు ఎక్కడ పడాలో గీతలు గీసుకుని నేర్చుకోవడం దగ్గరుండి చూశాను. రాని భాషలో ఒక్క పాట ఒప్పించడమే ఎంత పనో తెలుసు. ఆ గొంతు కథకి అంత ముఖ్యం కాబట్టే నాలుగు పరాయి భాషల్లోనూ ఇంకొకరికి వదల్లేదనుకుంటాను. మీకు వీలైతే జర్మన్‌ది వెతికి మీ పాపకి వినిపించండి. మాట ఒక్కటీ అర్థం కాదు, కానీ ఎక్కడ కళ్ళు మూతలు పడాలో అక్కడ పడతాయి. మావాడి మీద పరీక్షించి చెప్తున్నాను.