వాగులో దొరికినవి శిలాజాలేనా?

ప్రశ్న: న్యూజెర్సీలోని బిగ్ బ్రూక్ వాగులో జల్లెడ పట్టాం. నల్లటి మొనదేలిన ముక్కలు, తేనెరంగు కడ్డీ ముక్క, తుప్పురంగు గొట్టాలు దొరికాయి. ఏవి శిలాజాలు?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: గొట్టాలను పక్కన పెట్టేయండి. ఇసుకను ఇనుప తుప్పు గట్టిగా పట్టేయడంతో ఏర్పడ్డవి అవి. కొత్తవాళ్లు వాటినే ఎముకలనుకుంటారు. ఎముకైతే విరిగినచోట 10 రెట్ల భూతద్దంలో సన్నటి రంధ్రాలు కనబడాలి.

నల్ల ముక్కలు దాదాపు 7 కోట్ల ఏళ్లనాటి సొరచేప పళ్లు కావచ్చు. పైభాగం నిగనిగలాడుతూ, మొదలు గరుకుగా ఉందా చూడండి. వెడల్పుగా, పక్కకు వంగి, అంచున రంపంలా ఉంటే స్క్వాలికోరాక్స్ అనే అంతరించిన సొరచేపది. సన్నగా పొడుగ్గా, లోపలివైపు నిలువు గీతలుంటే గాబ్లిన్ షార్క్ బంధువు. మొదలు విరిగిపోతే జాతి తేల్చడం కష్టం, పట్టుబట్టి పేరు పెట్టకండి.

కడ్డీని టార్చిలైటుకు అడ్డం పెట్టండి. వెలుగు లోపలికి పాకి, విరిగిన కొసలో మధ్య నుంచి చుట్టూ గీతలు కనిపిస్తే అది బెలెమ్నైట్, కణవ (స్క్విడ్) లాంటి జీవి లోపలి గట్టిభాగం. అది కాల్సైట్ అనే సున్నపు ఖనిజం కాబట్టి వెనిగర్‌తో కడిగితే కరుగుతుంది! నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పళ్లను ఎండలో పెడితే పగుళ్లిస్తాయి, నీడలోనే ఆరనివ్వండి.

అక్కడ మనిషికి రోజుకు 5 శిలాజాలకే అనుమతి. గట్లు తవ్వకూడదు.